పాత కార్డు పచ్చికాయా, కురిడీయా

మా ఇంట్లో ఆ కొత్త కంప్యూటరు కార్డు మాట మొదట ఎత్తింది మా మరిది. అప్పటికి అదింకా పుట్టలేదు. ఎంత పొడవుంటుందో, ఎన్ని ఫ్యాన్లుంటాయో, ధర ఎంతో, అసలు ఎప్పుడొస్తుందో తయారుచేసేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. అయినా అతను అన్నం కలుపుకుంటూ దాని గుణగణాలు చెప్పుకుపోతున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే కదా అని నేను నవ్వాను. మావయ్యగారూ నవ్వారు. అత్తయ్యగారు ఒక్కరే నవ్వలేదు. రాబోయేవాటి గురించి ఎవరైనా సంబరంగా మాట్లాడితే ఆవిడకి భయం.

మా ఇల్లు అంబాజీపేట దగ్గర. కింద మావయ్యగారి కొబ్బరికాయల కొట్టు, పైన మేం ఉండే గదులు. నా గది కిటికీలోంచి చూస్తే పెరట్లో కాయల రాశి, దాని పక్కన ఒలిచిన డొక్కల గుట్ట, రోడ్డు మీద లోడుకి ఆగిన లారీ కనిపిస్తాయి. ఆ కిటికీ పక్కనే నా కంప్యూటరు. హైదరాబాదులో ఒక కంపెనీకి ఇంకా కట్టని ఇళ్ళ బొమ్మలు చేసి పంపడం నా పని. పునాది కూడా తియ్యని ఫ్లాటులో సోఫా మీద పొద్దుటి ఎండ ఎలా పడుతుందో, కిటికీ తెర ఎలా కదులుతుందో నేను చూపిస్తాను. అది చూసి జనం కొనుక్కుంటారు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడమే నా వృత్తి కాబట్టి, రాని కార్డు మీద మా మరిది చెప్పే కబుర్లకి ఇంట్లో అందరికన్నా తక్కువ మోసపోయేదాన్ని నేనే.

కార్డంటే ఏమిటో తెలియనివాళ్ళకి నేను పొయ్యితో చెబుతాను. కూరలు తరుక్కోవడం, పప్పు నానబెట్టుకోవడం పొయ్యి లేకుండానే అయిపోతాయి. వండాలంటే మాత్రం పొయ్యి కావాలి. నేను గోడలు లేపడం, కుర్చీలు సర్దడం మామూలు కంప్యూటరు మీద ఈడ్చుకుంటూ చేసుకోగలను. ఆఖర్న ఆ గదులన్నీ నిజం గదుల్లా కనపడే వీడియోగా వండాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. నా కార్డు పాతది. ఎవరో వాడి వదిలేసినది కొనుక్కున్నాను. దాని ఫ్యాను దగ్గుతూ తిరిగేది. అయినా పని చేసేది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి, అది పని చేసేది.

మా ఆయన కువైట్‌లో ఎలక్ట్రీషియను. మాకు పెళ్ళయి నాలుగేళ్ళు, కలిసి కాపురం చేసింది సెలవుల్లోనే. ఆయన వచ్చిన వారం రోజులూ కొత్త, తర్వాత రెండు వారాలు మామూలు మొగుడూ పెళ్ళాలం, ఆ తర్వాత పెట్టెలు సర్దడం. నాకు దీని మీద ఓర్పు లేదు. ఓర్పు ఉన్నదానిలా కనబడమని చర్చిలో పెద్దవాళ్ళు చెబుతుంటారు. నేను అలా కూడా కనబడను.

ఆ డిసెంబరులో కంపెనీ వాళ్ళు నాకో పెద్ద పని ఇచ్చారు. సముద్రపు ఒడ్డున కట్టబోయే హోటలు, గేటు దగ్గర్నుంచి పై అంతస్తు దాకా నడుచుకుంటూ వెళ్ళినట్టు చూపించాలి. ఫిబ్రవరి ఆఖరులోగా బాగా చేసి ఇస్తే నెల జీతం మీద తీసుకుంటామన్నారు. ఇంటి దగ్గర్నుంచే పని. సరిగ్గా అదే నెలాఖరుకి మా ఆయన కాంట్రాక్టు ముగుస్తుంది. ఉంటాడో, వస్తాడో అక్కడి కంపెనీకి ఆలోగా చెప్పాలి. నాకు ఉద్యోగం ఖాయమైతే ఆయన వచ్చేస్తాడు, అమలాపురంలో చిన్న వైరింగు పనుల షాపు పెట్టుకుంటాడు. ఖాయం కాకపోతే ఇంకో రెండేళ్ళు. మేమిద్దరం ఫోనులో ఈ మాట అనుకున్నాం. ఇంట్లోవాళ్ళకీ చెప్పాం. అందుకని ఆ చలికాలం మా ఇంట్లో అందరి కళ్ళూ నా కంప్యూటరు మీదే.

కార్డు కబుర్లు మాత్రం రోజురోజుకీ పెరిగాయి. మా మరిది ఇంజనీరింగు పాసై ఖాళీగా ఉన్నాడు. ఖాళీగా ఉన్నవాళ్ళకి లీకులు అన్నం పెట్టకపోయినా ఆకలి తెలియనివ్వవు. పొద్దున లేస్తే తైవాన్‌లో ఎవరో ఫ్యాక్టరీవాడు ఏదో అన్నాడంటాడు. మధ్యాహ్నానికి ఆ మాట అబద్ధం అంటాడు. సాయంత్రానికి, అది అబద్ధం అని చెప్పడమే కంపెనీ ఎత్తు అంటాడు. ఒకరోజు ఫోటో చూపించాడు. మసకమసగ్గా ఏదో నల్లటి అంచు ఉంది.

“చూసేవా వదినా? ఇదే.”

“పెట్టె అంచా, తలుపు అంచా?” అన్నాను.

“నీకు నమ్మకం లేదు వదినా.”

“నమ్మకం ఆదివారం చర్చికి తీసుకెళ్తున్నాను కదా, చాల్లే.”

పాతదానికన్నా వేగం రెండింతలన్నారు, తర్వాత మూడింతలన్నారు. అది తినే కరెంటుకి వైరు కరిగిపోతుందన్నారు. చేసే చిప్పులన్నీ ఎక్కడో పెద్ద పెద్ద గోడౌన్లలో పెట్టే యంత్రాలకే పోతున్నాయని, మనలాంటివాళ్ళకి చేటలో నూకలే మిగులుతాయని ఒకడన్నాడు. అమలాపురంలో కంప్యూటర్ల షాపుకి మౌసు కొనడానికి వెళ్తే అక్కడా ఇదే గోల. కుర్రాళ్ళు కౌంటరు మీద మోచేతులు ఆనించి, మేనత్త కూతురి పెళ్ళిచూపుల్లా మాట్లాడుకుంటున్నారు. షాపాయన నాతో, “ఆయ్, వచ్చేస్తందండి. ఈసారి ఆగితేనే మంచిదండి. ఇప్పుడు పాతవి ఎవరూ కొనట్లేదండి,” అన్నాడు. ఆయన వెనక అరలు ఖాళీగా ఉన్నాయి. పాత కార్డులు తయారుచెయ్యడం ఆపేశారని, తెప్పిద్దామన్నా రావట్లేదని కూడా అన్నాడు. ఎవరూ కొనకపోతే అరలు ఎందుకు ఖాళీ అయ్యాయో నాకు అర్థం కాలేదు.  ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా మరిది చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “పాతవి ఆపేసేరంటే కొత్తది రెడీ అయిపోయిందన్నమాట!”

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మా మరిది. అతని మాట నేను పట్టించుకునేదాన్ని కాదు. పట్టించుకున్నది మావయ్యగారు.

మావయ్యగారికి కంప్యూటరు ఎక్కడ వెలిగించాలో తెలియదు. కాని ధర అన్న మాట వినబడితే ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. చిన్నప్పుడు కమీషను కొట్టులో గుమాస్తాగా చేరి, కాయని చేత్తో పట్టుకుని లోపల నీళ్ళెంతున్నాయో చెప్పగలిగే దాకా ఎదిగిన మనిషి. కొత్త సంవత్సరం వచ్చిన తొలి వారం, గుమ్మంలో క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతుండగానే ఆయన మా మరిదిని అడిగారు.

“కొత్తది దిగితే పాతదాని రేటు ఏమవుద్దిరా?”

“పడిపోద్ది నాన్నా. సగానికి సగం పడిపోద్ది. అందరూ అదే అంటన్నారు.”

మావయ్యగారు నా వైపు తిరిగారు. “మరైతే అమ్మాయ్, దింపులు మొదలయ్యేలోపు రాశి ఖాళీ చేసుకోవాలి కదమ్మా.”

మా వైపు ఇది లెక్క. చెట్ల నుంచి కాయ దింపే రోజులు దగ్గరపడితే పెరట్లో పాత రాశి ఉంచుకోరు. కొత్త కాయ బజారు ముంచెత్తితే పాతది అడిగేవాడుండడు. పైగా రాశిలో కాయ ఎక్కువ రోజులుంటే మొలకెత్తుతుంది. అలా ఆశపడి ఆపుకుని, మొలకలొచ్చిన కాయల మధ్య నిలబడ్డ వ్యాపారుల గురించి ఇప్పటికీ బజారులో నవ్వుకుంటారు. మావయ్యగారు జీవితంలో ఎప్పుడూ అలా నవ్వుల పాలు కాలేదు.

నాకు ఒళ్ళు మండింది. “మావయ్యగారూ, నాకు పనుందండి. వచ్చే నెల హోటలు వండాలండి.”

“వచ్చే నెలకి కొత్తది వచ్చేస్తాది కదమ్మా. ఇప్పుడు నువ్వు గోడలు కట్టుకోవడమేగా? దానికి కార్డు అక్కర్లేదని నువ్వే చెప్పేవు.”

ఆ మాట నిజమే. పొయ్యి కథ చెప్పి నా నోటితో నేనే ఒప్పుకున్నాను. అయినా నేనూ కొబ్బరి దేశంలో పుట్టినదాన్నే. “పచ్చికాయకైతే మీరన్నది సరేనండి. కురిడీ అయితేనో? కురిడీకి పాతదానికే ఎక్కువ ధర కదండీ,” అన్నాను.

కురిడీ అంటే అటక మీద నెలల తరబడి కదపకుండా ఉంచిన కాయ. లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా ఆడుతుంది. అది పాతబడేకొద్దీ విలువ. అంబాజీపేటలో పాత కురిడీకి ఒక రేటు, కొత్త కురిడీకి ఒక రేటు చెబుతారు.

 మావయ్యగారు నా మాట తీసిపారేసే మనిషి కాదు. నా గదిలోకి వచ్చి, కంప్యూటరు డబ్బా పక్కన వంగి, ఆ దగ్గుతున్న ఫ్యాను చప్పుడు చెవి పెట్టి విన్నారు. అచ్చం కాయని ఊపి విన్నట్టే విన్నారు. లేచి, “పచ్చికాయేనమ్మా,” అన్నారు. “ఇంకో ఏడాదికి మొలకొచ్చేస్తాది.”

ఆ సాయంత్రం మా ఆయనకి ఫోను చేసి గట్టిగానే పోట్లాడాను. ఆయన నా పక్షాన ఉంటాడనుకున్నాను. ఆయనా ఆ కొట్టు మీద పుట్టి పెరిగినవాడే అన్న సంగతి మర్చిపోయాను.

“నాన్న చెప్పింది కరెక్టే. పాతది అమ్మెయ్యి. కొత్తది అమ్మకానికి పెట్టిన రోజునే ఇక్కడ నేనే కొంటాను. ఇక్కడ పెద్ద పెద్ద షాపులున్నాయి. నెలాఖరుకి కొత్తపేటాయన ఒకాయన ఊరొస్తన్నాడు, ఆయన చేతికిచ్చి పంపిస్తాను. నువ్వు ఆ దగ్గు కార్డు మీద ఏడుస్తా హోటలు చేసి, అది మధ్యలో చచ్చిపోతే?”

“బతికే ఉంది కదండీ!”

“ఇన్నాళ్ళూ నీకు నేను కొనిచ్చింది ఏదీ లేదు. దీనితోనే నేను ఇంటికి రావాలి. మంచిది కొననీ.”

అలా అడిగితే ఏమంటాను?  ఆయన ఇంటికి రావడాన్ని తన చేత్తో కొందామనుకుంటున్నాడు. సరేనన్నాను.

రెండు రోజుల్లో ముమ్మిడివరం నుంచి పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఆయన బైకు మీద వచ్చాడు. మావయ్యగారు మంచి రేటే తెచ్చారు, తన తెలివికి తానే మురిసిపోయారు. మా మరిది స్క్రూలు విప్పి కార్డు బయటికి తీశాడు. వీడియోలాయన దాన్ని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డలా సంచిలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నాకు దణ్ణం పెట్టి, “చాలా ఉపకారం చేసేరండి. ఎక్కడా దొరకట్లేదండి ఇవి,” అన్నాడు.

ఎక్కడా దొరకట్లేదు అన్న మాట మా ఇంట్లో నలుగురి చెవినా పడింది. మావయ్యగారు బేరం బాగుందని విన్నారు, మా మరిది ఏమీ వినలేదు. వంటింటి గుమ్మంలో అత్తయ్యగారు మాత్రం, “మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నాడంట ఎవడో,” అని లోపలికి వెళ్ళిపోయారు. కంప్యూటరు డబ్బాలో కార్డు ఉండే చోట పొడుగాటి ఖాళీ మిగిలింది. రోజూ దాని పక్కనే కూర్చుని పని చేశాను. దగ్గే ఫ్యాను చప్పుడు లేక ఆ గది నాకు బొత్తిగా నచ్చలేదు.

కంపెనీ ఆ కార్డుని లోకానికి చూపించిన పొద్దున మా హాలులో టీవీ ముందు అందరం కూర్చున్నాం. వేదిక మీద ఒకాయన దాన్ని చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. జనం కేకలు వేశారు. మా మరిది లేచి నిలబడ్డాడు. “వచ్చేసిందమ్మా, రాకడ!” అన్నాడు. అత్తయ్యగారు అతని వీపు మీద ఒక్కటిచ్చారు. రాకడ అన్న మాట మా ఇళ్ళలో ఆటకి వాడేది కాదు. ప్రభువు రాకడ గురించి పాస్టరుగారు చెప్పినప్పుడల్లా ఆవిడ కళ్ళు తుడుచుకుంటారు. “ఆ రోజు వచ్చినప్పుడు అందరికీ దొరకదురా,” అన్నారు. ఆవిడ ఏ రోజు గురించి అన్నారో నాకు తెలియలేదు.

జనవరి ఆఖర్న అమ్మకం మొదలైన రోజు మా ఆయన పనికి సెలవు పెట్టి, షాపు తెరవకముందే వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ముందు వరస ఫోటో పంపాడు, నవ్వుతూ తన ఫోటో పంపాడు. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మధ్యాహ్నం ఫోను చేశాడు. ఆ షాపుకి వచ్చినవే ఏ నాలుగైదో, అవి తలుపు తియ్యకముందే అయిపోయాయట. మిగతా షాపుల్లోనూ అంతే. హైదరాబాదులో, చెన్నైలో అదే మాట. ఆన్‌లైనులో మా మరిది వేలు పెట్టేలోపు లేవని వచ్చింది. ముందే కొట్టేసినవాళ్ళు సాయంత్రానికి రెండింతలకీ మూడింతలకీ అమ్మకానికి పెట్టారు. “స్టాకు వస్తాది, వారంలో వస్తాది,” అని మా మరిది అన్నాడు. ఆ గొంతులో ఇదివరకటి వేడి లేదు.

కొత్తవి లేకపోయేసరికి అందరూ పాతవాటి మీద పడ్డారు. సగానికి పడుతుందన్న పాత కార్డు ధర పైపైకి పోయింది. అమలాపురం షాపాయన మా మరిదికి ఫోను చేసి, “మీ వదినగారి పాత కార్డు ఉందాండి? ఎంతైనా ఇచ్చేద్దారండి,” అని అడిగాడు. ఫోను స్పీకరులో ఆ మాట మావయ్యగారూ విన్నారు. తింటున్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. తర్వాత నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డారు.

“కురిడీయేనమ్మా అది. నేనే సరిగా వినలేదు.”

 నాకు కోపంగానే ఉంది, కాని ఆయన ముఖం చూశాక లేచి నిలబడ్డాను.

“కొబ్బరికైతే చెట్టు కనపడుద్దమ్మా. తలెత్తితే గెలలెన్నున్నాయో లెక్కేసుకోవచ్చు. దీనికి చెట్టెక్కడుందో కూడా నాకు తెలీదు. తెలీకుండా రేటు కట్టేను,” అన్నారు. అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవారు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

హోటలు సిద్ధంగా ఉంది. గోడలు, మెట్లు, మంచాలు, గ్లాసుల్లో నీళ్ళతో సహా అన్నీ అమర్చాను. వండడానికి పొయ్యి లేదు. మా మరిదిని వెంటబెట్టుకుని ముమ్మిడివరం వెళ్ళాను. వీడియోలాయన మాకు కుర్చీలేశాడు, కొబ్బరి బొండాలు కొట్టించాడు, నేను అడగగానే చేతులు జోడించాడు. “ఏమనుకోకండమ్మా, మాఘమాసం ముహూర్తాలండి. ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ దీని మీదే నడుస్తున్నాయండి. మీది కాబట్టి నిజం చెప్తన్నాను, చాలా మంచి కార్డండి.” లోపలి గదిలోంచి ఆ ఫ్యాను దగ్గు వినబడింది. నాకు ఏడుపొచ్చింది. బొండాం సగంలో వదిలేసి లేచాను.

నెట్టు ద్వారా ఎక్కడో దూరంగా ఉన్న కంప్యూటర్ల మీద అద్దెకి వండించుకునే వీలుంది. కాని హోటలు వాళ్ళ నమూనాలు బయటికి పంపకూడదని కంపెనీ ముందే కట్టడి చేసింది. అమలాపురంలో కుర్రాళ్ళు ఆటలాడే సెంటరుకి, హైదరాబాదు వాళ్ళని ఒప్పించి, పొద్దున్నే జనం లేనప్పుడు నా ఫైళ్ళు పట్టుకెళ్ళాను. అక్కడి కార్డులు ఆటలకి సరిపోతాయి, నా హోటలుకి సరిపోలేదు. మెట్లెక్కి మొదటి అంతస్తు చేరేసరికి తెర నల్లబడిపోయేది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే. ఫిబ్రవరి సగం దాటింది. కంపెనీలో నా పని చూసే ఆవిడ ఫోను చేసి, ఆలస్యం అయితే ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాద విన్నాక నాకు నమ్మకం పోయింది.

ఆ సంగతి మా ఆయనకి ఏడుస్తూ చెప్పాను. ఆయన అంతా విని, “ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారా?” అని ఒక్కటే అడిగాడు. ఇచ్చేస్తారన్నాను. మర్నాడు, ఎప్పుడూ చెయ్యని వేళకి, పనివేళలో ఫోను చేశాడు. ఎప్పుడూ వీడియోలో మాట్లాడే మనిషి ఆ రోజు వీడియో పెట్టలేదు.

“దొరికిందే!”

“ఎలా దొరికిందండీ?”

“తెలిసినాయన ఉన్నాడు. ఇప్పించేడు. కొత్తపేటాయన ప్రయాణం ఆగిందన్నాను కదా, ఎల్లుండే బయల్దేరతన్నాడు. దేవుడు ఉన్నాడు చూడు.”

“రేటు చాలా ఉంటుంది కదండీ. డబ్బెక్కడ తెచ్చేరు?”

“నీకెందుకది? నువ్వు హోటలు సంగతి చూసుకో.” అని నవ్వాడు. మా ఆయన అంత పెద్దగా నవ్వే మనిషి కాదు. ఫోను పెట్టేశాక కూడా ఆ నవ్వు నాకు నచ్చలేదు. అత్తయ్యగారికి చెబితే ఆవిడ స్తోత్రం అన్నారు, కాని ప్రార్థనలో ఆ రోజు మా ఆయన పేరు మామూలుకన్నా ఎక్కువసార్లు వచ్చింది.

కొత్తపేటాయన ఇంటికి మా మరిది, నేను ఆటోలో వెళ్ళాం. ఆయన పెట్టెలో ఖర్జూరం పొట్లాలకీ పౌడరు డబ్బాలకీ మధ్య, రెండు తువ్వాళ్ళలో చుట్టి ఉంది కార్డు. మా మరిది దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్ని నెలలు ఎదురుచూసిన మనిషి ఎగిరి గంతేస్తాడనుకున్నాను. “బరువుగా ఉంది వదినా,” అన్నాడు అంతే. కొత్తపేటాయన భార్య కాఫీ ఇచ్చింది. ఆయన నా వైపు జాలిగా చూస్తున్నట్టు అనిపించింది. “మీ ఆయన మంచోడమ్మా,” అన్నాడు. ఎందుకన్నాడో అడగబోయాను. ఆటోవాడు హారను కొట్టాడు.

చెప్పొద్దూ, కార్డు గురించి చెప్పినవన్నీ నిజాలే. పాతది ఒక పూట తీసుకునే బొమ్మని అది నేను టీ తాగి వచ్చేలోపు ఇచ్చేసేది. గదంతా వేడెక్కిపోయేది. చప్పుడు మాత్రం లేదు. అంత పని చేస్తూ అంత నిశ్శబ్దంగా ఉండడం చూస్తే దాని దగ్గర ఒంటరిగా కూర్చోబుద్ధి కాలేదు. హోటలు మెట్లు ఎక్కింది, వసారాలు దాటింది, పై అంతస్తు కిటికీలోంచి సముద్రం కనిపించింది. గడువుకి ముందే పంపేశాను. మూడో రోజుకి కంపెనీ ఆవిడ ఫోను చేసి, అందరికీ నచ్చిందని, మార్చి నుంచి నెల జీతమని చెప్పింది.

ఇల్లంతా పండగైంది. మావయ్యగారు చాలా రోజుల తర్వాత పెద్ద గొంతుతో మాట్లాడారు. మా మరిదిని మిఠాయి తెమ్మని పంపారు. నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని మా ఆయనకి ఫోను చేశాను. ఈసారి వీడియోలోనే ఎత్తాడు. పనివాళ్ళ పడకల గదిలో, ఇనప మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“వచ్చేసిందండీ! ఉద్యోగం వచ్చేసింది! వెళ్ళి మీ కంపెనీవాళ్ళకి చెప్పెయ్యండి, ఉండనని!”

ఆయన ముఖం వెలిగింది. నిజంగానే వెలిగింది. “నాకు తెలుసే. నువ్వు చేస్తావని తెలుసు,” అన్నాడు. తర్వాత తల వంచుకున్నాడు.

“టిక్కెట్టు ఎప్పటికి తీస్తారు?”

“నేను సంతకం పెట్టేసేను.”

“దేని మీద?”

“ఉంటానని. కాంట్రాక్టు పొడిగిస్తే జీతం ముందుగా ఇస్తారు. దాంతోనే కొన్నాను కార్డు. లేకపోతే అంత డబ్బు ఎక్కడ తెస్తాను? ఆ రోజు నువ్వు ఏడ్చేవు. ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారన్నావు. నీకు ఉద్యోగం పోతే ఎలాగూ నేను ఉండాలి. ఎలాగూ ఉండేవాడినే కదా, కనీసం నీదైనా నిలబడుద్దని...”

“నన్ను అడగాలి కదండీ!” అని అరిచాను. “నాకు ఉద్యోగం ఎందుకు? మీరు రావడానికి కాదా? ఉద్యోగం కావాలని ఏడ్చేనా నేను?”

 ఆయన ఫోను కొంచెం పక్కకి తిప్పాడు. తెర మీద ఇనప మంచం కోడు, గోడ మాత్రమే కనిపించాయి. ఆయన ముక్కు చీదుకోవడం వినబడింది. నేను ఇంకా ఏవో అన్నాను, చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను.

బయట మిఠాయి వచ్చినట్టుంది, పొట్లం విప్పుతున్న చప్పుడైంది. మావయ్యగారు తలుపు మీద మెల్లగా తట్టారు.

“ఏమన్నాడమ్మా అబ్బాయి? ఎప్పుడొస్తానన్నాడు?”

తలుపు తీశాను. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది, మా ఆయన ఇంకా లైనులోనే ఉన్నాడు.

“రెండేళ్ళండి, మావయ్యగారూ,” అన్నాను.